దుమ్మంటకుండా ఆర్కైవ్స్ ప్రొఫెసర్ కావడం ఎలా?

యూనివర్సిటీలో ఆర్కైవ్స్ పాఠం చెప్పే ఉద్యోగం వచ్చిందా? అదృష్టవంతులు. కెమిస్ట్రీ మాస్టారు తప్పు చేస్తే ల్యాబులో పొగ లేస్తుంది. సివిల్ ఇంజనీరింగ్ మాస్టారు తప్పు చెబితే ఎప్పటికో ఒకప్పటికి వంతెన కూలి పేపర్లో పడుతుంది. మీ దగ్గర పాడయ్యేది పాత కాగితం. అది పాడైందని తెలియాలంటే ఎవరో ఒకరు పనిగట్టుకుని వచ్చి దాన్నే అడగాలి. వాళ్ళు వచ్చేసరికి మీకు ప్రమోషన్లన్నీ వచ్చేసి, మనవడి అక్షరాభ్యాసం కూడా అయిపోయి ఉంటుంది. ఈ సూక్ష్మం పట్టుకుంటే కింది చిట్కాలు వాటంతటవే వంటబడతాయి.

1. రికార్డులున్న చోటికి పోకండి.

హైదరాబాద్ తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ కాగితాల దగ్గర్నుంచి నిజాం దఫ్తర్ల దాకా అక్కడే ఉన్నాయి. అందుకే జాగ్రత్తగా ఉండమంటున్నాను. లోపలికి అడుగు పెట్టారా, స్లిప్పు రాయమంటారు. ఏ శాఖ, ఏ సంవత్సరం, ఏ నంబరు? అది రాయాలంటే ముందు కేటలాగు చూడాలి. అటెండరు బస్తా తెచ్చి బల్ల మీద పెడతాడు. గుడ్డ ముడి విప్పగానే తుమ్ములు. ఆ తర్వాత కూర్చుని చదవాలి. చదివితే మీరు పదేళ్ళుగా చెబుతున్న పాఠం తప్పని తేలే ప్రమాదం కూడా ఉంది. ఇంత నష్టం ఎవరు భరిస్తారు?

వెళ్ళనందుకు మూడు కారణాలు దగ్గర పెట్టుకుని మార్చి మార్చి వాడండి. మొదటిది డస్ట్ ఎలర్జీ. రెండోది "ఫైలు ట్రేస్ కావడం లేదన్నారండీ". ఎవరన్నారో చెప్పనక్కర్లేదు. మూడోది అన్నిటికన్నా శ్రేష్ఠం: "కాగితం బ్రిటిల్ అయిపోయిందట, ఇవ్వలేదు." ముట్టుకుంటే పొడిగా రాలే కాగితాల్ని చదువరులకు ఇవ్వకపోవడం ఆర్కైవ్స్‌లో నిజంగా ఉన్న పద్ధతే. కాబట్టి ఎవరూ నోరెత్తలేరు. పైగా కాగితం ఆరోగ్యం మీద మీకెంత శ్రద్ధో అని మెచ్చుకుంటారు. థీసిస్‌లో "లభ్యమైన మూలాధారాలను బట్టి" అని ఒక్క ముక్క రాయండి. మీ బల్ల సొరుగులో లభ్యమైనవీ లభ్యమైనవే.

2. భాషలు నేర్చుకోవద్దు.

నిజాం రాజ్యంలో 1880ల దాకా సర్కారు భాష ఫారసీ, ఆ తర్వాత ఉర్దూ. మరాఠీ కాగితాలు మోడీ లిపిలో ఉంటాయి. ఆ ఫారసీ అయినా అచ్చు పుస్తకంలో ఉన్నట్టుంటుందా అంటే, లేదు. శికస్తా రాత. చుక్కలు ఎగిరిపోయి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలిపోయి ఉంటాయి. ఇవన్నీ పట్టుబడాలంటే ఏళ్ళు పడుతుంది. ఈలోగా మీ బ్యాచ్‌మేటు అసోసియేట్ ప్రొఫెసరై, మీ సెలవు చీటీ మీద సంతకం పెట్టే స్థాయికి వెళ్ళిపోతాడు. అంచేత నిజాం చరిత్ర మొత్తాన్నీ ఇంగ్లీషు అడ్మినిస్ట్రేషన్ రిపోర్టుల మీదే నడిపించండి. "ఫారసీ కాగితాలు చూశారా?" అని సెమినార్లో ఎవరైనా లేస్తే, "దాని మీద వేరే ప్రాజెక్టు ప్రపోజల్ పంపానండీ" అనండి. ప్రపోజల్ పంపడానికి ఫారసీ రానక్కర్లేదు.

3. తేదీ ఎలా కనిపిస్తే అలా దింపుకోండి.

ఈ ఒక్క చిట్కాతో మీకు రాష్ట్రవ్యాప్తంగా పేరు రావచ్చు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒక కాగితం మీద "15 బహమన్ 1347" అని ఉందనుకోండి. చాదస్తపు మనిషి అక్కడే ఆగిపోతాడు. 1347 ఫసలీయా, హిజ్రీయా అని తల పట్టుకుంటాడు. హైదరాబాద్ ఫసలీ అయితే 590 కలపాలి, అప్పుడు 1937 అవుతుంది. హిజ్రీ అయితే 1928-29 దగ్గరికి వస్తుంది. నెల పేరు చూసి తేల్చాలంటాడు. ఆజుర్, దై, బహమన్ అని ఉంటే నిజాం వారి ఫసలీ నెలలు, ముహర్రం, సఫర్ అని ఉంటే హిజ్రీ. అంటే ఇది 1937 డిసెంబరు నాటి కాగితమన్నమాట. చెరువు గండి పూడ్చడం గురించి ఎవరో రాసుకున్న నోటు. దాంతో ఎవరికి ప్రమోషన్ వస్తుంది?

మీరలా చెయ్యకండి. క్రీస్తుశకం 1347లో ఏం జరిగింది? దక్కన్‌లో బహమనీ రాజ్యం పుట్టింది. కాగితం మీద ఏముంది? బహమన్, 1347. ఇంకేం కావాలి! బహమనీ రాజ్యపు తొలి సంవత్సరానికి చెందిన నీటిపారుదల పత్రం మీ చేతిలో ఉంది. అందులో మోటారు లారీ కిరాయి ప్రస్తావన ఏమైనా వస్తే ఆ పేరా వదిలెయ్యండి. కాగితం టైపు చేసి ఉంటే ఫొటో వెయ్యకండి, "తర్వాతి కాలపు నకలు" అని ఫుట్‌నోట్ పెట్టండి. పత్రికల వాళ్ళకి ముందు రోజు సాయంత్రమే ప్రెస్ నోట్ ఇచ్చెయ్యండి. రిజాయిండర్ రాసే పండితుడు ఎలాగూ ఆరు నెలలు ఆలోచిస్తాడు.

4. పాఠం ఒక్కసారి తయారు చేసుకుంటే చాలు.

ముగ్గురు డచ్చి వాళ్ళు 1898లో ఒక మాన్యువల్ రాశారు. 1922లో జెంకిన్సన్ ఇంగ్లండులో ఒకటి రాశాడు. 1956లో షెలెన్‌బర్గ్ అమెరికాలో ఇంకొకటి. ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తేల్చడం ఆర్కైవిస్టు పని కాదు, వచ్చినదాన్ని కాపలా కాయడమే అతని పని అని జెంకిన్సన్ వాదన. ఆధునిక సర్కారు కాగితాల కుప్ప చూశాక విలువ కట్టి ఎంచక తప్పదని షెలెన్‌బర్గ్ వాదన. ఇది నిజంగా మంచి తగాదా, ఇప్పటికీ తెగలేదు. దాన్ని "పోల్చి, భేదములు వ్రాయుము, 15 మార్కులు" కింద కుదించి ఏటా అదే ప్రశ్న ఇవ్వండి. నోట్సు డిక్టేట్ చెయ్యండి. మీ గురువు గారు మీకు డిక్టేట్ చేసిన నోట్సే అయితే గురుభక్తి కూడా కలిసొస్తుంది.

5. క్లాసులో ఒరిజినల్ ఆర్డర్ గురించి చెప్పండి, గదిలో మీకు నచ్చినట్టు సర్దండి.

ఏ ఆఫీసు కాగితాలు ఆ ఆఫీసు కిందే ఉండాలని 1841 నుంచి ఫ్రెంచి వాళ్ళు, ఆ ఆఫీసు పెట్టుకున్న వరస చెదరకూడదని 1881 నుంచి ప్రష్యా వాళ్ళు మొత్తుకుంటున్నారు. దాన్ని బోర్డు మీద రాయించి, కింద గీత గీయించండి. ఆ తర్వాత డిపార్ట్‌మెంటుకి ఏ పాత తాలూకా ఆఫీసు ఫైళ్ళో వస్తే పిల్లల్ని పిలిచి సర్దమనండి. పెద్ద సైజువి కింద, చిన్నవి పైన. అర్జీలన్నీ ఒక కట్ట, ఎస్టిమేట్లన్నీ ఒక కట్ట, తహసీల్దారు నోట్లన్నీ ఇంకో కట్ట, కలెక్టరు ఆర్డర్లన్నీ మరో కట్ట. స్టాంపులున్నవి వేరే, అవి ఎగ్జిబిషన్‌కి పనికొస్తాయి.

చూడ్డానికి కన్నుల పండుగగా ఉంటుంది. వెనకటికి ఊరి రైతులు చెరువు తూము పాడైందని అర్జీ పెట్టారు, తహసీల్దారు దాని వెనకే తన మాట రాశాడు, ఓవర్సీరు లెక్క వేశాడు, కలెక్టరు ఆఫీసు "నిధులు లేవు" అందో "సరే" అందో. ఆ నాలుగు కాగితాలూ ఒకే దారానికి గుచ్చి ఉంటే ఆ తూము కథంతా తెలిసేది. ఇప్పుడు నాలుగూ నాలుగు కట్టల్లో ఉన్నాయి. తూము బాగు చేశారో లేదో ఇక ఆ బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అయితేనేం, బీరువా నీటుగా ఉంది, యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే నాక్ కమిటీ వాళ్ళు ఫొటో తీసుకుని మరీ వెళ్ళారు. ఆ పాత దారాలు మాత్రం పారేయించండి, అనవసరంగా ఎవరికైనా అనుమానం వస్తుంది.

6. రిపేరు మీ చేతుల మీదుగా జరగాలి.

చిరిగిన కాగితానికి జపనీస్ టిష్యూ, గంజి పేస్టు, ఓపిక కావాలని పుస్తకాల్లో ఉంటుంది. మీకు సెల్లోటేప్ చాలు. ముక్కని బల్ల మీద పరిచి, బొటనవేలితో గట్టిగా నొక్కి అంటించండి. మొదటి ఏడాది అద్దంలా మెరుస్తుంది. కొన్నేళ్ళకి జిగురు కాగితంలోకి ఇంకి పసుపు రంగు చార పడుతుంది. ఇంకొన్నేళ్ళకి టేపు ఎండి దానంతటదే ఊడొస్తుంది, వస్తూ వస్తూ కింది సిరాని కూడా పట్టుకొస్తుంది. అప్పటికి కుర్చీలో మరొకరు ఉంటారు. గుండుసూదులు, స్టేపిలర్ పిన్నులు ధారాళంగా వాడండి. తుప్పు మరక కాగితానికి ప్రాచీనత తెస్తుంది.

తాటాకులకు నిమ్మగడ్డి నూనె రాస్తారు. మీరు ఇంట్లో ఏ నూనె ఉంటే అది రాయండి. బొద్దింకలకూ ఏదో ఒక ఆధారం ఉండాలి కదా.

తెల్ల గ్లవ్స్ మాత్రం తప్పనిసరిగా కొనండి. శుభ్రంగా కడిగి తుడుచుకున్న చేతులే కాగితానికి మేలని, గ్లవ్స్ వేసుకుంటే వేళ్ళకి స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయని, అవి ఫొటోలకీ నెగెటివ్‌లకీ వాడాలని తెలిసినవాళ్ళు అంటారు. వాళ్ళ ఫొటో ఎప్పుడైనా జిల్లా ఎడిషన్లో పడిందా?

7. డిజిటైజేషన్ అనే మాటను మంత్రంలా జపించండి.

1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక అప్పగించాల్సినవి అప్పగించగా మిగిలిన కాగితాలు ఎన్నో ఊళ్ళలో ఇళ్ళ అటకల మీదే ఉండిపోయాయి. పాత అడంగళ్ళు, ఇనాం కాగితాలు, ఊరి తగాదాల మీద రాసుకున్న కాయితాలు. అలాంటి ఇంటి మనిషి ఎవరైనా ఫోన్ చేసి "మా తాతగారి కాగితాలున్నాయండీ, ఇల్లు పడగొడుతున్నాం, వచ్చి చూస్తారా?" అంటే ప్రయాణం పెట్టుకోకండి. "మీరే ఫోన్లో ఫొటోలు తీసి వాట్సాప్ చెయ్యండి బాబూ" అనండి. వాట్సాప్ ఆ ఫొటోల్ని నొక్కి నొక్కి చిన్నవి చేస్తుంది, సన్నటి అక్షరాలు అలుక్కుపోతాయి. మంచిదే, చదివే పని తప్పింది. ఎవరి ఇల్లు, ఏ ఊరు, ఏ పెట్టె, ఏ వరస అనే వివరాలు అడగొద్దు. ఫైలుకి ఫోన్ పెట్టిన అంకెల పేరే ఉంచండి. మెటాడేటా అంటూ కూర్చుంటే ఒక పెట్టెకి ఒక సెమిస్టర్ పోతుంది.

అన్నీ ఒకే హార్డ్ డిస్కులో వేసి, దాన్ని స్కూటర్ డిక్కీలో పెట్టుకు తిరగండి. నకలు తీయొద్దు, తీస్తే ఎవరో ఒకరు అడుగుతారు. ఆ తర్వాత అసలు కాగితాల సంగతి ఆ ఇంటివాళ్ళు అడిగితే చల్లగా చెప్పండి: "అంతా డిజిటల్ అయిపోయింది కదమ్మా, ఇంకా ఆ చెత్తెందుకు?" పాత పేపర్ల వాడు కిలోల లెక్కన తీసుకుపోతాడు. ప్రాజెక్టు రిపోర్టులో "ఒక గ్రామ రికార్డు సంపూర్ణంగా పరిరక్షింపబడినది" అని రాయండి.

8. పబ్లికేషన్లు.

కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం రెండు వందల ఏళ్ళ కిందట కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, వాళ్ళతో పాటు ఇంకెందరో ఊరూరా తిరిగి ఆ ఊళ్ళ చరిత్రలు చెప్పే కైఫీయత్తులు పోగేశారు. ఎండలో తిరిగారు, జ్వరాలు పడ్డారు. ఆ కష్టం వాళ్ళు పడ్డారు గనక మీరు మళ్ళీ పడనక్కర్లేదు. కడప జిల్లావి బ్రౌన్ గ్రంథాలయం వాళ్ళు సంపుటాలుగా అచ్చు కూడా వేశారు. ఒక ఊరి కైఫీయత్తు తీసుకోండి, వాడుక భాషలోకి మార్చండి, "ఇంతవరకు వెలుగు చూడని" అని మొదటి వాక్యంలో పెట్టండి. ఆ సంపుటం పేరు గ్రంథసూచిలోంచి తప్పించండి.

ఫుట్‌నోట్లకి ఇంకా తేలిక దారుంది. ముందటి పరిశోధకుడు ఢిల్లీ వెళ్ళి, మద్రాసు వెళ్ళి, బస్తా నంబరు, ఫైలు నంబరు రాసుకొచ్చాడు. ఆయన పుస్తకంలోంచి ఆ నంబర్లే ఎత్తి, ఆయన పేరు వదిలేసి, నేరుగా మీరే చూసినట్టు వేసుకోండి. ఒకవేళ ఆయన నంబరు తప్పు వేసి ఉంటే ఆ తప్పుతో సహా దింపాలి, సరిదిద్దే ప్రయత్నం చెయ్యకూడదు. సరిదిద్దాలంటే వెళ్ళి చూడాలి, అది మొదటి చిట్కాకి విరుద్ధం.

గ్రంథచౌర్యం మీద యూజీసీ 2018లో నియమాలు పెట్టింది. వాటిని ధరల పట్టికలా చదువుకోండి. 10 శాతం దాకా శిక్ష లేదు. థీసిస్‌లో 10 నుంచి 40 దాకా అయితే ఆరు నెలల్లో తిరగరాసి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషన్ గోవిందా. అంటే ఉచితంగా వచ్చే 10 శాతాన్ని వాడుకోకపోవడం శుద్ధ దండగ. మిగతాది ఇంగ్లీషు పుస్తకంలోంచి తెలుగులోకి దించుకోండి, సాఫ్ట్‌వేర్ తెల్లమొహం వేస్తుంది. ఇక ఏ పత్రికలో వెయ్యాలన్న బెంగ కూడా తీరింది. మంచి పత్రికలివీ అంటూ మొదలెట్టిన కేర్ జాబితాని 2025లో యూజీసీయే ఎత్తేసింది. మీ బావమరిదికి ప్రెస్సు ఉంటే మీ కుటుంబంలోనే ఒక అంతర్జాతీయ పత్రిక ఉన్నట్టు లెక్క.

9. రీసెర్చ్ స్కాలర్లు మీ కాళ్ళూ చేతులూ.

వాళ్ళు వెళ్తారు, తుమ్ముతారు, తెస్తారు. వ్యాసంలో మీ పేరు ముందుండాలి. ఎవరైనా శికస్తా నేర్చుకుంటున్నారని తెలిస్తే వెంటనే వాళ్ళ టాపిక్ మార్పించండి.

10. జూన్ 9 మరవకండి.

అంతర్జాతీయ ఆర్కైవ్స్ దినోత్సవం. వేసవి సెలవుల మూలంగా క్యాంపస్‌లో పిల్లలుండరు, ప్రశ్నలుండవు. ఫ్లెక్సీ మీద మీ ఫొటో, వీసీ గారి ఫొటో, మూలన చిన్నగా ఒక తాటాకు బొమ్మ. పన్నెండింటికి మొదలుపెడితే ప్రసంగాలు భోజనం దగ్గర తెగుతాయి. సభ అయ్యాక ఆ ఫ్లెక్సీని రికార్డ్ రూము కిటికీకి కట్టండి. వాన జల్లు ఆగుతుంది, గాలీ ఆగుతుంది, లోపల బూజు సుఖంగా పెరుగుతుంది.

11. ఏరివేత కమిటీలో ఎలాగైనా దూరండి.

కేంద్ర ప్రభుత్వ రికార్డులకు 1993 చట్టం ఉంది. 25 ఏళ్ళు దాటిన శాశ్వత రికార్డుని నేషనల్ ఆర్కైవ్స్‌కి పంపాలి, అడ్డదిడ్డంగా తగలబెడితే ఐదేళ్ళ దాకా జైలో, పది వేల దాకా జరిమానానో, రెండూనో. కాబట్టి ఆ వైపు వెళ్ళకండి. మన ఆఫీసుల్లో మద్రాసు కాలం నుంచి వస్తున్న టాటెన్‌హామ్ పద్ధతి మీకు చాలు. ఆర్.డిస్. అంటే శాశ్వతం, డి.డిస్. పదేళ్ళు, కె.డిస్. మూడేళ్ళు, ఎల్.డిస్. ఒక్క ఏడాది. ఫైలు తెరిచి, చదివి, ఏ తరగతో తేల్చడం గుమస్తాల చాదస్తం. మీరు ప్రొఫెసరు. అట్ట చూసి చెప్పెయ్యండి. అట్ట చిరిగితే ఎల్.డిస్., చెద పట్టి ఉంటే ఎల్.డిస్., ఏ భాషో తెలియకపోతే ఎల్.డిస్. సాయంత్రం నాలుగింటికల్లా గది ఖాళీ అవుతుంది, సిట్టింగ్ ఫీజు చేతికొస్తుంది, ఖాళీ అయిన గదిలో మీకు ఏసీ చాంబరు ఇస్తారు. రిజిస్ట్రారు గారు "ఇన్నేళ్ళకి పనికొచ్చే ప్రొఫెసరు దొరికాడయ్యా" అంటారు.

12. రిటైర్మెంట్.

పెన్షన్ కాగితాలు కదలాలంటే మీ సర్వీస్ రిజిస్టరు కావాలి. అది కనపడదు. పై చిట్కాలన్నీ శ్రద్ధగా పాటించి ఉంటే కనపడకూడదు కూడా. కంగారు పడకండి, అసలు అవకాశం ఇక్కడే ఉంది. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో గొడవ చెయ్యకుండా నేరుగా వీసీ గారి దగ్గరికి వెళ్ళి, యూనివర్సిటీలో గల్లంతైన రికార్డుల మీద ఏకసభ్య కమిటీ వెయ్యమని అడగండి. రికార్డులు తెలిసిన మనిషి ఇంకెవరున్నారని మీకే ఇస్తారు. గౌరవ వేతనం, కారు, ఒక అటెండరు. పాత గదులన్నీ తిప్పించండి, బస్తాలు దింపించండి, మళ్ళీ ఎక్కించండి. మధ్యలో ఏ కరెంటు మీటరు పెట్టె వెనకో మీ రిజిస్టరు దొరికినా దొరుకుతుంది. దొరికితే గబుక్కున బయటపెట్టకండి. కమిటీ గడువు పొడిగించే ఆర్డరు చేతికొచ్చేదాకా దాన్ని మీ సొరుగులోనే ఉంచండి, తాళంచెవి అటెండరుకి ఇవ్వకండి.